కొత్త ఇంటర్‌ఛేంజీకి ఉన్న డబ్బు గుంత పూడ్చడానికి ఎందుకు ఉండదు?

మీ ప్రశ్న సారాంశం ఇదని నాకు అర్థమైంది. అమెరికాలో మీరుంటున్న రాష్ట్రంలో మీ ఇంటికి రెండు మైళ్ల దూరాన భారీ ఖర్చుతో కొత్త ఇంటర్‌ఛేంజీ (పెద్ద రహదారులు వంతెనల మీదుగా కలిసే కూడలి) కడుతున్నారు. మీరు రోజూ ఆఫీసుకు వెళ్లే దారి మాత్రం చలికాలం గడిచేసరికి గుంతలమయమైంది. ఫోన్ చేసి అడిగితే ‘ఈ ఏడాదికి నిధులు లేవు’ అన్నారు. గ్యాస్ ట్యాక్స్ (పెట్రోలు పన్ను), రిజిస్ట్రేషన్ ఫీజు, టోల్ అన్నీ కడుతున్నప్పుడు ఈ మాట అబద్ధం కాదా అని మీరు అడుగుతున్నారు. ఒక రాష్ట్ర రవాణా శాఖలో మొదట పేవ్‌మెంట్ (రోడ్డు పొరలు చూసే) విభాగంలోనూ, ఆ తరవాత నిధుల కేటాయింపు విభాగంలోనూ చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ జవాబు ఇచ్చిన మనిషి నిజమే చెప్పి ఉండవచ్చు. రాష్ట్రం దగ్గర రోడ్ల డబ్బంతా ఒకే ఖజానాలో కుప్పగా ఉండదు. ఏ పద్దు కింద వచ్చిన డబ్బును ఆ పద్దుకే ఖర్చు పెట్టాలి. ఇంటర్‌ఛేంజీ పద్దులో మిగిలిన డాలరును గుంత మీదకు మళ్లించే అధికారం చాలా సందర్భాల్లో శాఖాధిపతికి కూడా ఉండదు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ రోడ్డు ఎవరిదన్న సంగతి. రాష్ట్రంలో ఉన్న ప్రతి రోడ్డూ రాష్ట్ర ప్రభుత్వానిదే అనుకోవడం సహజం గాని, దేశం మొత్తం మీద చూస్తే మైళ్ల లెక్కన రాష్ట్ర శాఖల చేతిలో ఉన్నది సుమారు అయిదో వంతే. మిగిలిన వాటిలో అత్యధిక భాగం కౌంటీలవి (మన జిల్లాల లాంటివి), నగరాలవి, టౌన్‌షిప్పులవి. ఈ వాటా రాష్ట్రాన్ని బట్టి విపరీతంగా మారుతుంది. ఉత్తర కరోలినా 1931లో కౌంటీ రోడ్లన్నిటినీ రాష్ట్రం కిందికి తెచ్చుకుంది. మరుసటి ఏడాది వర్జీనియా కూడా అదే పని చేసింది. ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు మాత్రం తమ రోడ్లను ఇప్పటికీ తామే చూసుకుంటున్నాయి. అందువల్ల ఉత్తర కరోలినా విస్తీర్ణంలో టెక్సస్ కంటే ఎంతో చిన్నదైనా, రెండు రాష్ట్రాల శాఖలూ ఒక్కొక్కటి దాదాపు 80,000 మైళ్ల రోడ్లను మోస్తున్నాయి. మీ దారి కౌంటీ రోడ్డు అయితే రాష్ట్ర శాఖకు చేసిన ఫోన్ దారి తప్పిన ఫోనే అవుతుంది. కౌంటీకి ఆస్తిపన్ను, అక్కడక్కడ ఓటర్లు ఆమోదించిన అమ్మకపు పన్ను, రాష్ట్రం పంచి ఇచ్చే ఇంధన పన్ను వాటా తప్ప వేరే ఆధారం పెద్దగా ఉండదు.

ఇక ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, డబ్బు సంగతి. ఇంధనం మీద పన్ను వేసి దాన్ని రోడ్లకు వాడే పద్ధతిని మొదలుపెట్టింది ఫెడరల్ ప్రభుత్వం కాదు, రాష్ట్రాలే. ఒరెగాన్ 1919లో గ్యాలనుకు ఒక సెంటు పన్ను వేసింది, పదేళ్లు తిరిగేసరికి, 1929 నాటికి, అప్పుడున్న 48 రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. ఫెడరల్ ప్రభుత్వం 1932లో ఒక సెంటు వేసింది గాని అది బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి వేసిన పన్ను. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టంతో పాటు హైవే ట్రస్ట్ ఫండ్ ఏర్పడిన తరవాతే ఆ పన్నుకూ రోడ్లకూ చట్టపరమైన ముడి పడింది. ఇప్పుడు ఫెడరల్ పన్ను పెట్రోలు గ్యాలనుకు 18.4 సెంట్లు, డీజిల్‌కు 24.4 సెంట్లు. ఈ రేట్లు 1993 నుంచి మారలేదు. ధరలతో పాటు పెరిగే ఏర్పాటు లేని పన్ను కాబట్టి మూడు దశాబ్దాల్లో దాని కొనుగోలు శక్తి సగానికి పైగా కరిగిపోయింది. తారు, ఉక్కు, కూలి మాత్రం 1993 దగ్గర ఆగలేదు. ఆ లోటును 2008 నుంచి అమెరికా చట్టసభ కాంగ్రెస్ సాధారణ ఖజానా నుంచి మళ్లించి పూడుస్తోంది. 2021 నవంబరులో సంతకమైన మౌలిక వసతుల చట్టం ఒక్కటే ట్రస్ట్ ఫండ్‌కు 118 బిలియన్ డాలర్లు మళ్లించింది. రోడ్డు వాడేవాడే రోడ్డు ఖర్చు భరిస్తున్నాడన్న మాట ఒకప్పటి నిజం. ఇప్పుడు దాన్ని సగం నమ్మకంతోనే చెప్పాలి.

ఆ డబ్బు రాష్ట్రానికి చేరే తీరు చాలామందికి తెలియదు. వాషింగ్టన్ నుంచి చెక్కు ముందుగా రాదు. ఫలానా ప్రాజెక్టుకు ఇంత ఖర్చు పెట్టుకోవచ్చని ఫెడరల్ శాఖ హామీ ఇస్తుంది, రాష్ట్రం తన సొంత నగదుతో గుత్తేదారుకు బిల్లు చెల్లిస్తుంది, ఆ తరవాత తన ఖర్చులో ఫెడరల్ వాటాను తిరిగి రాబట్టుకుంటుంది. ఆ వాటా అంతర్రాష్ట్ర రహదారి పనులకు సాధారణంగా 90 శాతం, మిగతా చాలా పనులకు 80 శాతం. మిగిలిన 10 లేదా 20 శాతాన్ని రాష్ట్రం సొంతంగా పెట్టుకోవాలి. వినడానికి ఇది దాతృత్వంలా ఉంటుంది గాని, పద్దుల బల్ల దగ్గర కూర్చున్నవారికి మరోలా కనిపిస్తుంది. రాష్ట్రం తన చేతిలోని 20 డాలర్లను అర్హమైన ప్రాజెక్టు మీద పెడితే 100 డాలర్ల పని అవుతుంది, అదే 20 డాలర్లను గుంతల మీద పెడితే 20 డాలర్ల పనే అవుతుంది. ఫెడరల్ వాటాను వదులుకుంటే అది ఇంకో రాష్ట్రానికి పోతుందన్న భయం కూడా ఉంటుంది కాబట్టి, శాసనసభలో కూర్చున్న ఏ సభ్యుడైనా మొదట ఆ వాటాకు జోడించాల్సిన సొమ్మునే పక్కన పెట్టిస్తాడు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఫెడరల్ రహదారి నిధులు రొటీన్ నిర్వహణకు పనికిరావు. గుంతలు పూడ్చడం, గడ్డి కోయడం, మురుగు కాలువలు శుభ్రం చేయడం, మంచు తొలగించడం, ఉప్పు చల్లడం, చెరిగిపోయిన గీతలు గీయడం వంటి రోజువారీ పనులన్నీ రాష్ట్రం తన సొంత డబ్బుతో చేసుకోవలసిందే. పైగా ఫెడరల్ సాయంతో కట్టిన ప్రతి రోడ్డునూ సరిగా నిర్వహించే బాధ్యత రాష్ట్రానిదేనని చట్టమే చెబుతుంది. రోడ్డు ఆయుష్షు పెంచే నివారణ చర్యలకు, అంటే పగుళ్లు నింపడం, చిప్ సీల్ (పల్చని తారు మీద కంకర పొర) వేయడం, పైపొర చెక్కి కొత్త పొర పరచడం వంటి వాటికి, నియమాల ప్రకారం ఫెడరల్ డబ్బు వాడుకోవచ్చు. ఏప్రిల్‌లో పడిన గుంతకు మాత్రం వాడుకోలేరు. ఆ విధంగా మీ ఇంటి దగ్గరి ఇంటర్‌ఛేంజీ 80 శాతం బయటి డబ్బుతో లేస్తూ ఉండగా, అది పూర్తయిన నాటి నుంచి దాని మీద పడే మంచును తొలగించే ఖర్చు నూటికి నూరు పాళ్లు రాష్ట్రం నెత్తిన పడుతుంది. కొత్త నిర్మాణం ప్రారంభోత్సవం నాడు ఈ రెండో లెక్కను ఎవరూ చదివి వినిపించరు.

రాష్ట్రం సొంత డబ్బుకు కూడా తాళాలున్నాయి. చాలా రాష్ట్రాల రాజ్యాంగాలు ఇంధన పన్నును రోడ్లకే ఖర్చు పెట్టాలని కట్టడి చేశాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో 1944లో వచ్చిన 18వ సవరణ అటువంటిదే. రహదారిలో భాగమైన ఫెర్రీలు ఆ కట్టడి పరిధిలోకి వస్తాయి కాబట్టి అక్కడ గ్యాస్ ట్యాక్స్ పడవకు ఇంజను కొనగలదు గాని సిటీ బస్సుకు డ్రైవరును పెట్టలేదు. టెక్సస్‌లో కథ ఇంకో రకం. అక్కడ రాష్ట్ర పన్ను గ్యాలనుకు 20 సెంట్లు, 1991 నుంచి అదే రేటు. అందులో నాలుగో వంతు రాజ్యాంగం ప్రకారం పాఠశాలలకు వెళుతుంది. అందుకే అక్కడ 2014లోనూ 2015లోనూ ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి, చమురు, సహజవాయువు ఉత్పత్తి మీద వచ్చే పన్నులో కొంత, అమ్మకపు పన్నుల్లో కొంత రహదారులకు మళ్లించారు. కాలిఫోర్నియా 2017లో ఎస్‌బీ 1 అనే చట్టంతో గ్యాలనుకు 12 సెంట్లు పెంచి, తరవాతి ఏళ్లలో ధరల సూచీతో పాటు అది పెరిగేలా చేసింది. 2018 జూన్‌లో ఆ సొమ్మును వేరే అవసరాలకు మళ్లించకుండా ఓటర్లు తాళం వేశారు, అదే ఏడాది నవంబరులో ఆ పెంపును రద్దు చేయాలన్న ప్రతిపాదనను తిరస్కరించారు. పన్ను పెంచిన రాజకీయ నాయకుడు తప్పకుండా ఓడిపోతాడని అందరూ అంటారు గాని, డబ్బు ఎక్కడికి పోతుందో స్పష్టంగా చూపించినచోట ఓటరు అంత కఠినంగా ఉండడని నాకు అనిపిస్తుంది.

సెంట్లలో పాతుకుపోయిన పన్ను ఎలా క్షీణిస్తుందో మీ కారుతోనే లెక్క వేయండి. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే కారు గ్యాలనుకు 24 మైళ్లు ఇస్తే 500 గ్యాలన్లు కాలుస్తుంది, 92 డాలర్ల ఫెడరల్ పన్ను కడుతుంది. అదే దూరాన్ని 40 మైళ్లిచ్చే హైబ్రిడ్ 300 గ్యాలన్లతో తిరిగి 55 డాలర్లు కడుతుంది. ఎలక్ట్రిక్ కారు ఏమీ కట్టదు. రోడ్డుకు మాత్రం మూడూ ఒకటే. ఈ తేడా పూడ్చడానికి చాలా రాష్ట్రాలు ఎలక్ట్రిక్ వాహనాల రిజిస్ట్రేషన్ మీద వార్షిక రుసుము వేస్తున్నాయి. ఎంత తిరిగినా ఒకే రుసుము కాబట్టి తక్కువ తిరిగేవారికి అది అన్యాయమే. ఒరెగాన్ 2015లో స్వచ్ఛందంగా చేరేవారికి మైలుకు 1.5 సెంట్ల చొప్పున వసూలు చేసే కార్యక్రమం మొదలుపెట్టింది, యూటా 2020లో ఎలక్ట్రిక్ వాహనదారులకు అటువంటి అవకాశమే ఇచ్చింది. సిద్ధాంతంలో ఇదే సరైన దారి. అయితే ఇంధన పన్నును కొద్దిమంది టోకు సరఫరాదారుల దగ్గరే వసూలు చేస్తే సరిపోతుంది, మైలేజీ రుసుమును లక్షల మంది నుంచి విడివిడిగా రాబట్టాలి. ఆ వసూలు ఖర్చూ, తమ కదలికలను ఎవరో గమనిస్తున్నారన్న జనం అనుమానమూ కలిసి దాన్ని నత్తనడక నడిపిస్తున్నాయి.

భారీ ట్రక్కుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1958 నుంచి 1960 దాకా ఇలినాయిలోని ఒటావా పట్టణం దగ్గర ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద రకరకాల బరువులతో ట్రక్కులను తిప్పి, రోడ్డు ఎలా అరుగుతుందో కొలిచారు. ఇరుసు మీది బరువు పెరిగితే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. బరువు రెట్టింపయితే నష్టం 16 రెట్లవుతుంది. ఆ సూత్రం ప్రకారం 18,000 పౌండ్ల ట్రక్కు ఇరుసు ఒక్కసారి వెళ్లడం 2,000 పౌండ్ల కారు ఇరుసు 6,500 సార్లకు పైగా వెళ్లినదానితో సమానం. ఈ లెక్కను ఆధునిక పేవ్‌మెంట్లకు యథాతథంగా అన్వయించకూడదని ఇంజనీర్లు వాదించుకుంటారు, ఆ వాదనలో పస ఉంది. కానీ దిశ విషయంలో వివాదం లేదు. 55,000 పౌండ్లు, ఆపై బరువున్న వాహనాల మీద ఉన్న ఫెడరల్ వార్షిక పన్ను గరిష్ఠంగా 550 డాలర్లు. ట్రక్కు చేసే నష్టం ముందు అది చాలా చిన్న మొత్తమని నా అభిప్రాయం. బరువునూ దూరాన్నీ కలిపి పన్ను వేసే ఒరెగాన్ పద్ధతి న్యాయానికి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు నిర్వహణ దగ్గరకు వద్దాం. నేను ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే, నాకు ఎక్కువ బాధ కలిగించిందీ ఇదే. తారు రోడ్డుకు అసలు శత్రువు నీరు. ఎండకు తారు గట్టిపడి సన్నని పగుళ్లు వస్తాయి, వాటిగుండా నీరు కిందికి దిగి మట్టి పొరను మెత్తబరుస్తుంది, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బి కరుగుతుంది, పైనుంచి ట్రక్కు వెళ్లినప్పుడు ఆధారం లేని పొర విరిగి గుంత పడుతుంది. అంటే గుంత కనిపించే నాటికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. కొత్త రోడ్డు చాలా ఏళ్లు బాగానే కనిపిస్తుంది, ఆ తరవాత ఒక దశ దాటగానే చప్పున దిగజారుతుంది. ఆ దశకు ముందే పగుళ్లు నింపి చిప్ సీల్ వేస్తే అయ్యే ఖర్చు, పునాది దాకా తవ్వి మళ్లీ వేసే ఖర్చులో చిన్న భాగమే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని అందరికీ తెలుసు. అయినా ఆచరణలో పూర్తిగా పాడైన రోడ్డునే ముందు బాగు చేయాలన్న ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే ఫిర్యాదులు వచ్చేది ఆ రోడ్డు మీద నుంచే. ఇంకా బాగున్న రోడ్డు మీద చిప్ సీల్ వేయించినప్పుడు, ‘మంచి రోడ్డు మీద కంకర చల్లి పాడు చేశారు, పక్క రోడ్డు గోతుల్లో ఉంటే కనబడలేదా’ అని నన్ను బహిరంగ సమావేశంలో నిలదీసినవారు చాలామంది. వాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. అయినా నా నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఉన్న డబ్బంతా చచ్చిపోయిన రోడ్ల మీద పోస్తే, బతికున్నవి ఒక్కొక్కటిగా ఆ వరసలోకి చేరతాయి.

దీనికి తోడు చలికాలం బడ్జెట్టును ఎవరూ ముందుగా చెప్పలేరు. మంచు తొలగించడం వాయిదా వేయగల పని కాదు. ఆ ఏడాది మంచు ఎక్కువ పడితే ఉప్పుకూ, ఓవర్‌టైముకూ అయిన అదనపు ఖర్చు సాధారణంగా వేసవిలో పగుళ్లు నింపే పద్దు నుంచే పోతుంది, ఎందుకంటే రెండూ అదే రాష్ట్ర నిర్వహణ నిధి. వాయిదా పడిన ఆ పని ఫలితం మూడు, నాలుగేళ్ల తరవాత గుంతల రూపంలో బయటపడుతుంది, అప్పటికి అసలు కారణం ఎవరికీ గుర్తుండదు.

వంతెనల విషయంలో క్రమశిక్షణ ఎక్కువ, దాన్ని నేర్పినవి ప్రమాదాలే. 1967 డిసెంబరు 15న వెస్ట్ వర్జీనియా, ఒహాయో రాష్ట్రాల మధ్యనున్న సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. ఆ దరిమిలా దేశవ్యాప్త తనిఖీ ప్రమాణాలు 1971లో అమల్లోకి వచ్చాయి. సాధారణంగా ప్రతి వంతెననూ 24 నెలలకు ఒకసారి తనిఖీ చేసి, దాని భాగాలకు 0 నుంచి 9 వరకు రేటింగు ఇస్తారు. ఏ ముఖ్య భాగానికైనా 4 లేదా అంతకు తక్కువ వస్తే ఆ వంతెనను ‘పూర్’ జాబితాలో చేరుస్తారు. పూర్ అంటే రేపే కూలుతుందని కాదు. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది మరణించినప్పుడు, దర్యాప్తులో తేలిన ముఖ్య కారణం అసలు డిజైనులోనే కొన్ని గసెట్ ప్లేట్లు (ఉక్కు దూలాలను కలిపే పలకలు) ఉండవలసినంత మందంగా లేకపోవడం. అంటే నిర్వహణ నిధుల కొరత అక్కడ ప్రధాన దోషి కాదు. అయినా ఆ విషాదం తరవాత కొన్ని నెలలకే మినెసోటా శాసనసభ గవర్నరు వీటోను కాదని గ్యాస్ ట్యాక్స్‌ను దశలవారీగా 8.5 సెంట్లు పెంచింది. కారణం ఒకటైతే డబ్బు ఇంకో కారణం పేరిట వచ్చింది. వచ్చింది కాబట్టి వంతెనలకు మేలే జరిగింది. 2012 నాటి ఫెడరల్ చట్టం ఈ క్రమశిక్షణను ఇంకాస్త బిగించింది. జాతీయ రహదారి వ్యవస్థలోని మొత్తం వంతెనల వైశాల్యంలో పూర్ వంతెనల వాటా వరుసగా మూడేళ్లు 10 శాతానికి మించి ఉన్నా, అంతర్రాష్ట్ర రహదారుల పేవ్‌మెంటులో 5 శాతానికి మించి పూర్‌గా ఉన్నా, రాష్ట్రం తన ఫెడరల్ నిధుల్లో నిర్ణీత భాగాన్ని వాటికే కేటాయించి తీరాలి. ఈ ఏర్పాటు మంచిదే గాని, కొలిచే రోడ్లు మెరుస్తాయి, కొలవని రోడ్లు వెనకబడతాయి. మీ దారి బహుశా రెండో రకానిది.

అప్పులూ టోల్‌లూ కొత్త డబ్బును సృష్టించవు, రేపటి డబ్బును ఇవాళ్టికి తెస్తాయి. రాబోయే ఫెడరల్ వాటాను తాకట్టు పెట్టి బాండ్లు అమ్మే పద్ధతి ఉంది. ఇండియానా 2006లో తన టోల్ రోడ్డును 75 ఏళ్లకు లీజుకిచ్చి 3.8 బిలియన్ డాలర్లు ఒకేసారి తీసుకుంది. పెన్సిల్వేనియా 2007 చట్టంతో తన టర్న్‌పైక్ (టోల్ రహదారి) సంస్థ నుంచి ఏటా 450 మిలియన్ డాలర్లు రాష్ట్ర రవాణా శాఖకు ఇప్పించుకుంది. టర్న్‌పైక్ ఆ మొత్తాన్ని అప్పు చేసి చెల్లించింది, అప్పు తీర్చడానికి టోల్‌ను ఏటేటా పెంచుతూ వచ్చింది. ఒక రోడ్డు మీద ప్రయాణించేవాడు రాష్ట్రంలోని మరెక్కడో ఉన్న బస్సులకూ రోడ్లకూ డబ్బు కట్టడం సరైనదేనా అన్న ప్రశ్నకు ఇక్కడ తేలికైన జవాబు లేదు.

బస్సులూ రైళ్ల పరిస్థితి రోడ్లకు అద్దంలో ప్రతిబింబం లాంటిది. ఫెడరల్ 18.4 సెంట్లలో 2.86 సెంట్లు ప్రజా రవాణా ఖాతాకు వెళతాయి. అయితే రెండు లక్షలకు మించిన జనాభా ఉన్న పట్టణ ప్రాంతాలు, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, సూత్రం ప్రకారం పంచే ఆ ఫెడరల్ నిధులతో బస్సు కొనగలవు గాని డ్రైవరు జీతం ఇవ్వలేవు. జీతాలు టికెట్ల నుంచి, స్థానిక అమ్మకపు పన్ను నుంచి, రాష్ట్ర సాయం నుంచి రావాలి. అందుకే కొత్త బస్సులు డిపోలో నిలబడి ఉండగా ట్రిప్పులు రద్దయ్యే వింత అప్పుడప్పుడు కనిపిస్తుంది.

మీ విషయంలో ఏం జరిగిందో మీరే తెలుసుకోవచ్చు. ప్రతి రాష్ట్రమూ కనీసం నాలుగేళ్ల రవాణా కార్యక్రమ పత్రాన్ని ప్రచురిస్తుంది, దాన్ని స్టిప్ అంటారు. అందులో ప్రాజెక్టుల పక్కనే నిధి ఏ పద్దు నుంచి వస్తోందో, ఫెడరల్ వాటా ఎంతో, రాష్ట్ర వాటా ఎంతో రాసి ఉంటుంది. ఇంటర్‌ఛేంజీ పేరు వెతికి ఆ వరసలు చూడండి. 50,000కు మించిన జనాభా గల పట్టణ ప్రాంతంలో ఉంటే మీ ప్రాంతానికి ప్రత్యేక ప్రణాళికా సంస్థ కూడా ఉంటుంది, దాని సమావేశాలకు ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. ఆ తరవాత మీ దారి యజమాని ఎవరో కౌంటీ మ్యాపులో చూసి, ఫిర్యాదును ఆ కార్యాలయానికి మైలురాయి సంఖ్యతోనో దగ్గరి కూడలి పేరుతోనో రాతపూర్వకంగా పంపండి. ఈసారి ‘గుంత ఎప్పుడు పూడుస్తారు’ అని కాకుండా ‘ఈ రోడ్డు నివారణ పనుల జాబితాలో ఏ సంవత్సరంలో ఉంది’ అని అడగండి. మొదటి ప్రశ్న నిర్వహణ సిబ్బంది షెడ్డుకు వెళ్లి ఆగిపోతుంది, రెండోదానికి జవాబు వెతకాలంటే ఇంజనీరు ఆ జాబితా తెరిచి చూడక తప్పదు.